రసీదు పుస్తకంలో ఇంగ్లీషు

గురువారం సాయంత్రం ఏడింటి క్లాసుకి
హ్మయాక్ వస్తాడు, బూట్ల మంచు గుమ్మంలోనే దులిపి.
అరవై తొమ్మిదేళ్లు. ముందు బెంచీ.
గ్యూమ్రీలో ఆయన చెయ్యి పడని టీవీ అంటూ ఉంటే
అది ఇంకా అట్టపెట్టెలోనే ఉండి ఉండాలి.

నోటుబుక్కు కొనమన్నాను. కొనలేదు.
పాత రసీదు పుస్తకం తెచ్చాడు,
సగం పేజీలు ఖాళీగా మిగిలినది.
మూడు గడులు: జబ్బు, మార్చిన భాగం, పుచ్చుకున్నది.
నేను బోర్డు మీద రాసే ప్రతి మాటనీ
వాటిలోకే ఎక్కిస్తాడు.

ఇంతకీ ఈ వయసులో ఎందుకండీ అంటే
"కొట్టుకొచ్చి బఫరింగ్ అంటున్నారు, శూశన్ టీచర్.
పిక్చర్ ట్యూబు తెలుసు, ట్రాన్స్‌ఫార్మరు తెలుసు.
పేరు తెలియని రోగానికి
చెయ్యి ఎక్కడ పెట్టను?"

బఫరింగ్.
జబ్బు: చక్రం తిరుగుతుంది, బండి కదలదు.
మార్చిన భాగం: లేదు.
పుచ్చుకున్నది: ఒక కప్పు కాఫీ, వాళ్లే ఇచ్చారు.

స్ట్రీమింగ్ అంటే ఏరులా పారడమన్నాను.
కిటికీలోంచి చూశాడు. "మా ఏరు
నవంబరులోనే గడ్డకట్టింది" అన్నాడు.
సీజన్ దగ్గర అందరం ఆగిపోయాం.
"ఈ ఊళ్లో ఉన్నవి రెండే.
చలికాలం, చలికాలానికి కట్టెలు కొట్టే కాలం.
మూడో సీజన్ ఎప్పుడొస్తుందా అని
మా కోడలు రోజూ ఎందుకు బెంగపడుతోందో
ఇప్పటికి అర్థమైంది."

బింజ్. ఆ మాట పుట్టింది తాగుడులోనట,
పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చెప్పాను.
వెనక బెంచీలో నర్సు వార్సెనిక్ నవ్వాపుకోలేక
చేతి తొడుగు నోట్లో కుక్కుకుంది.
రాత్రి డ్యూటీ దిగి ఎనిమిది ఎపిసోడ్లు
ఒక్క గుక్కలో పట్టించే మనిషి ఆవిడే.

గొడవంతా స్పాయిలర్ దగ్గర వచ్చింది.

"కథ ముందే చెప్పేసి
చూసేవాళ్ల సరదా పాడుచేసేవాడు" అన్నాను.
పెన్సిలు కింద పెట్టాడు.
"ఇది తిట్టా?"
కొంచెం తిట్టేనన్నాను.

అప్పుడు చెప్పాడు, పుస్తకం మూసి.
కరెంటు రోజుకో గంట వచ్చే ఏళ్లు.
భూకంపం మిగిల్చిన జనం ఇనప డబ్బా ఇళ్లలో.
ఆయన డబ్బా కొట్టులో
కారు బ్యాటరీకి తగిలించిన టీవీ,
అరచెయ్యంత తెర. వీధికంతటికీ అదొక్కటే.
లోపల ఆరుగురు పడతారు.
బయట అరవై మంది, గడ్డాల మీద మంచు.
ఎపిసోడ్ అవగానే తలుపు తీసి
మెట్టు మీద నిలబడి చెప్పేవాడు:
ఎవరు ఎవర్ని పెళ్లాడారు,
విషం కలిపిన గ్లాసు ఎవరి చేతికొచ్చింది.

"బ్యాటరీ మధ్యలో చచ్చిన రోజుల్లో
మిగతాది నేనే కల్పించేవాణ్ణి.
మర్నాడు అసలు కథ వేరుగా నడిస్తే
టీవీయే పొరపాటు పడిందనేవాళ్లు.
నాలుగు చలికాలాలు స్పాయిలర్‌నే నేను.
ఎవరూ తిట్టలేదు. అరుస్యాక్ ఒక్కతే అలిగింది,
ఆ డాక్టరుని చంపేశానని.
జున్ను తెచ్చేవారు. కొవ్వొత్తి ముక్కలు తెచ్చేవారు."

క్లాసులో ఎవరూ కదల్లేదు.
హీటరు మాత్రం గురక పెడుతోంది.
రీక్యాప్ అన్నాను. చాలలేదు.
నేరేటర్ అన్నాను. తల అడ్డంగా ఊపాడు.
ఆ రాత్రి నిఘంటువు ఇంటికి మోసుకెళ్లి వెతికాను;
పక్కన ఫోన్లో ఏదో సీరియలు నడుస్తూనే ఉంది,
ఒక్క ముక్క చెవికెక్కలేదు.

పై గురువారం తానే చెయ్యెత్తాడు.
అర్ధరాత్రి దాటాక టీవీ ఒక ప్రశ్న అడిగిందట,
మీరింకా చూస్తున్నారా అని, ఇంగ్లీషులో.
"ముప్పై ఎనిమిదేళ్లు నేను వాటిని కుశలమడిగాను, టీచర్.
తిరిగి నన్నడిగింది ఇదే మొదటిది."
మరి మీరేమన్నారు?
"లేచి నిలబడ్డాను.
యెస్ మేడమ్, ఐ యామ్ స్టిల్ వాచింగ్."

వ్యాకరణం తప్పు లేదు.
రసీదు పుస్తకం నావైపు తిప్పి చూపించాడు.
జబ్బు: ఏమీ లేదు.
మార్చిన భాగం: ఏమీ లేదు.
మూడో గడిలో ఏదో రాసి కొట్టేశాడు.
అడగబోయాను. వార్సెనిక్ అప్పటికే
సబ్‌టైటిల్ స్పెల్లింగు దగ్గర పేచీ పెట్టింది,
వినపడనప్పుడు అందులో ఆ బి ఎందుకని.